నందలూరుకు ఒక జిగ్ కోసం

నందలూరు పోయివచ్చానంటే మనవాళ్ళు గుడి గురించి అడుగుతారు. గుడిని బయటినుంచి చూశాను. నేను పోయింది ఒక ముసలి ఇంజను డ్రైవరు దగ్గర ఐర్లండు దేశపు ఆటపాట ఒకటి మౌతార్గాను మీద నేర్చుకోవడానికి. కర్నూల్లో ఈ మాట విని నవ్వనివాళ్ళు లేరు. వాళ్ళ సంగతి వదిలేసి, అక్కడికి పోయే వీలులేని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక్కటి ముందే చెప్పాలి. ఈ ప్రయాణం పొడుగునా నేను భయపడుతూనే ఉన్నాను. అందుకని ఇందులో కొండలూ వంకలూ తక్కువగా ఉంటాయి. భయపడేవాడు కిటికీలోంచి బయటికి చూడడు, పక్కవాడి నోటికేసి చూస్తాడు.

బయలుదేరక ముందు

నేను బట్టల అంగడిలో గుమాస్తాను. బడి చదువు ఆరో తరగతితో ఆగింది, మిగతాదంతా గ్రంథాలయంలో సంపాదించుకున్నదే. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయినప్పుడు ఆఫీసర్లు చాలామంది సామాన్లు అమ్మేసి పోయారు. అలా పాత సామాన్ల అంగడిలో నాకు ఈ మౌతార్గాను దొరికింది. తిరునాళ్ళలో పిల్లలకు కొనిచ్చే రకం కాదు. జానెడు పొడుగు, కుడివైపు కొసన ఒక మీట. ఆ మీట ఎందుకో అమ్మినవాడికి తెలియదు.

గ్రంథాలయంలో వెదికి నేనే తెలుసుకున్నాను. మీట నొక్కితే ప్రతి స్వరమూ అర మెట్టు పైకి పోతుంది. హార్మోనియంలో నల్ల మెట్లు కంటికి కనిపిస్తాయి, ఇందులో అవన్నీ ఆ మీట వెనక దాగి ఉంటాయి. దీన్ని క్రొమాటిక్ అంటారు. అదే బీరువాలో, ఎవరో దొర వదిలేసి పోయిన ఐర్లండు పాటల పుస్తకం కూడా కనబడింది. గీతల మీద చుక్కలు పెట్టి రాసిన పాటలు. ఆ చుక్కలు చదవడం ఇంకో పుస్తకం చూసి నేర్చుకున్నాను. ఈ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు ఇష్టం.

జిగ్ అనే రకం పాట మన తకిట తకిట లెక్కలో నడుస్తుంది. లెక్క నాకు వచ్చింది, స్వరాలూ వచ్చాయి. అయినా నేను వాయిస్తే గోడౌన్లో మూటలు లెక్కపెట్టినట్టుండేది. పుస్తకంలో కొన్ని చుక్కల నెత్తిన సన్నటి గుర్తు ఒకటి ఉంది. దాన్ని ఎలా పలికించాలో ఏ పుస్తకంలోనూ లేదు. గ్రంథాలయానికి వచ్చే రైల్వే గార్డు ఒకాయన నా బాధ విని, "నందలూరులో కీలీ దొర ఉన్నాడు. వాళ్ళ తాత ఐర్లండు మనిషి. ఇదే వాయిస్తాడు. పోతే ఇప్పుడే పో, వచ్చే నెల పెళ్ళాంతో సహా ఓడెక్కి ఇంగ్లండులో కూతురి దగ్గరికి పోతున్నాడు," అన్నాడు.

ఇక భయం సంగతి. మా అన్న క్షయతో పోయి నాలుగేళ్ళయింది. చివరిదాకా దగ్గరుండి చూసుకున్నది నేనే. ఆ రోజుల్లో ఆ జబ్బు గురించి గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాను. చదివినందువల్ల అన్న బతకలేదు. కానీ అప్పటినుంచి ఎవరు దగ్గినా ఆ తుంపర ఎంత దూరం పోతుందో నా కంటికి గీత గీసినట్టు కనబడుతుంది.

బయలుదేరేటప్పుడు నా భార్య సుశీల పాపను చంకనేసుకుని వాకిట్లో నిలబడింది.

"ఎవురి నోట్లోదీ మీ నోట్లో పెట్టుకోవాకండి. ఈ పిల్ల మీ మొగమంతా నాకుతాది, తెల్సు గదా," అన్నది.

నంద్యాల దాటాక

నంద్యాలలో బస్సు ఆగినప్పుడు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మా కర్నూల్లో ఉగ్గానికి పుట్నాల పొడి ధారాళంగా వేస్తారు, ఇక్కడ నిమ్మరసం ఎక్కువ. కాఫీ రెండణాలంటే ఎన్ని నయాపైసలని హోటలాయనా మా డ్రైవరూ తెగ వాదులాడుకున్నారు. ఎదుటివాడు తనను మోసం చేస్తున్నాడని ఎవరికి వాళ్ళు అనుకున్నారు.

ఆళ్ళగడ్డ దాటాక, ప్రొద్దుటూరు పోయే ఆయన ఒకడు వెనక సీట్లోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పెద్ద రుమాలు, ఒళ్ళో చెనిక్కాయల సంచి. నేను తువ్వాలు కింద మౌతార్గాను పట్టుకుని వేలితో మీట సాధన చేసుకుంటున్నాను.

"ఏమప్పా, యాడికి పోతాండావు?"

"నందలూరు."

"చేతిలో అదేంది, సిగరెట్ల పెట్టెనా?"

"మౌతార్గాను."

"ఇంత పెద్దదా? ఏదీ, ఇట్ల తే."

నేను తువ్వాలు కప్పేలోపలే ఆయన లాక్కుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ఊపిరితో ఊదేశాడు. బస్సంతా వెనక్కి తిరిగింది. "శానా బాగుండాది. మా ఊరి భజనకు సరిపోతాది," అని రుమాలు చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాను.

"మీరు ఎక్కడినుంచి వస్తున్నారు?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"కర్నూలు పెద్దాసుపత్రి నుంచి. మా బావమరిది ఆడ పండుకోని ఉండాడు. ఎదలో జబ్బంట. నెల దినాలు వాని పక్కనే ఉంటి."

నేను కిటికీ వైపుకు ఒరిగి ఊపిరి బిగబట్టాను. ఆయన నా ముఖం చూసి జాలిపడ్డాడు.

"బస్సు పడదా నీకు? ముందే చెప్పగూడదా," అని జేబులోంచి నిమ్మకాయ తీసి, "వాసన చూస్తాండు," అన్నాడు. తీసుకోకపోతే బాగుండదని తీసుకుని, ముక్కుకు దూరంగా పట్టుకుని కూర్చున్నాను. ఆయన మంచి మనిషి. దిగేదాకా నా వీపు నిమురుతూనే ఉన్నాడు, నేను ముడుచుకుపోతూనే ఉన్నాను.

మైదుకూరు

కాఫీ హోటల్లో మరిగే నీళ్ళు అడిగాను. సూక్ష్మజీవి మరిగే నీళ్ళలో చస్తుందని ఏ పుస్తకంలో ఉందో, ఆ పుస్తకం ఏ అరలో ఉందో కూడా చెప్పగలను. చెంబుతో తీసుకుని, మౌతార్గాను రంధ్రాలన్నిటిలోకీ నీళ్ళు దిగేట్టు పోశాను. తృప్తి కలగక ఇంకో చెంబు అడిగాను.

"పసిబిడ్డకు పోసినట్ల పోస్తాండావే," అన్నాడు హోటలాయన. "సాంబ్రాణి కూడా ఏమన్నా కావాల్నా?"

ఆయన వెటకారం నన్ను తాకలేదు. దులిపి, తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టాను. ఈ ప్రయాణం మొత్తం మీద నేను గుండెల నిండా ఊపిరి తీసుకున్నది ఆ ఒక్క పూటే.

కడప

కడపలో దిగిన సత్రంలో నీళ్ళ తొట్టికి ఇత్తడి గ్లాసు గొలుసుతో కట్టి ఉంది. దారినపోయే వాళ్ళంతా అందులోనే తాగుతున్నారు. నేను దోసిట్లో పట్టుకుని తాగాను. మా పడమటి పల్లెల్లో జొన్నరొట్టె ప్రాణం, ఇక్కడ రాగి సంగటి. సంగటిలో గుంట చేసి ఊరుబిండి పచ్చడి వేసుకుని తింటే బాగుందని చేతికి తెలిసింది గాని నోటికి తెలియలేదు. వడ్డించినామె రెండుసార్లు తుమ్మింది.

తెల్లవారి మౌతార్గాను తీసి ఊదితే సగం రంధ్రాలు పలకలేదు. పలికినవి పిల్లి గొంతుతో పలికాయి. మీట లోపలికి పోయి బయటికి రాలేదు. ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. రైలెక్కి నందలూరు చేరేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

నందలూరు, మొదటి రోజు

ఇక్కడ రైలింజన్ల షెడ్డు ఉంది. దాని పొగ రైల్వే ఇళ్ళ మీద పగలంతా వాలుతూనే ఉంటుంది. మన ఇళ్ళలో వాకిలి చిమ్మితే ఎర్రదుమ్ము లేస్తుంది, ఇక్కడ బొగ్గు నుసి లేస్తుంది. వేపాకు కూడా నల్లగా ఉంటుంది.

కీలీ దొర ఇంటి గేటు ముందు నిలబడగానే నాకు మొదట వినిపించింది పాట కాదు, దగ్గు. లోతుగా, ఆగి ఆగి, చివర తడిగా వచ్చే దగ్గు. నాకు తెలిసిన దగ్గు. గేటు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఎవురప్పా ఆడ?" లోపలినుంచి గొంతు వచ్చింది. "గేటేమన్నా కరుస్తాదా? రా లోపలికి."

బనియను మీద పట్టీల ప్యాంటు, తెల్లటి కనుబొమలు, మోచేతిదాకా పాత కాలిన మచ్చలు. దొర అన్నమాటే గాని మాట్లాడితే అచ్చం మన మనిషి. పక్కన ఆయన భార్య మరియమ్మ, రాజంపేట వైపు మనిషి, వక్కాకు నములుతూ గడపలో కూర్చుని ఉంది. నేను వచ్చిన పని చెప్పాను. ఆయనకు నవ్వు రాలేదు. ఈ ప్రయాణం సంగతి విని నవ్వని మొదటి మనిషి ఆయనే. ఆ గౌరవం నా మౌతార్గాను మరలు ఊడదీసేదాకా నిలిచింది.

"నీళ్ళు పోసినావా దీంట్లో?"

"వేడినీళ్ళు."

"ఏంటికి?"

"బస్సులో ఒకాయన ఊదాడు. ఎంగిలి అయింది."

ఆయన నా మౌతార్గానును ఒళ్ళో పెట్టుకుని, భార్య వైపు తిరిగి, "మరియా, ఈయప్ప మౌతార్గానుకు తలంటు పోసినాడు, చూస్తివా," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు మధ్యలో దగ్గులోకి జారి, ఎంతకీ ఆగలేదు. నేను బల్ల చివరకు జరిగాను.

తర్వాత ఆయన చెప్పింది ఇది. పైన రేకు ఉన్నా లోపలి గూళ్ళన్నీ చెక్కతో చేసినవి. వేడినీళ్ళకు చెక్క ఉబ్బింది. నీడలో నెమ్మదిగా ఆరాలి, తొందరపడి ఎండలో పెడితే చీలుతుంది. వారమన్నా పడుతుంది. నేను అక్కడ ఉండగలిగింది మూడు రోజులే. ఆయనకు ఓడ వచ్చే నెల.

"దిగులెందుకు, నాది ఉండాది గదా," అని జేబులోంచి తనది తీసి, బనియనుకు రెండుసార్లు తుడిచి, నా ముందుకు చాచాడు.

"ముందు మీరు వాయించండి, వింటాను," అన్నాను.

వాయించాడు. రాసి చూపించలేను గాని ప్రయత్నిస్తాను. పుస్తకంలో నేను చదివిన చుక్కలే, అదే తకిట తకిట. కానీ ప్రతి మూడింటిలో మొదటిది కాస్త సాగి, మూడోది గెంతి, ఎవరో బూట్లతో చెక్క నేల మీద ఆడుతున్నట్టుంది. నన్ను ఇన్నాళ్ళు వేధించిన ఆ సన్నటి గుర్తు దగ్గర ఆయన వేలు మీటను తాకీ తాకనట్టు కొట్టి వదిలింది. స్వరం మధ్యలో చీమ కుట్టినట్టయింది. మన గమకం ఊగుతుంది, ఇది ఊగదు. కుట్టి పోతుంది, అంతే.

మధ్యాహ్నం మరియమ్మ అన్నంలోకి మిరియాల నీళ్ళు పోసింది. దొరల ఇళ్ళలో ఇది గొప్ప వంటకమట. మన చారే. గ్లాసులో పోసిన మంచినీళ్ళు పారబోసి, గ్లాసు కడిగి, మళ్ళీ పట్టుకున్నాను. ఆమె చూసింది.

"కడిగిన గ్లాసే మళ్ళా కడుగుతాండావు. మేము కిరస్తానం అనా?"

"కాదమ్మా, ఆ పట్టింపు నాకు లేదు."

"మరేంటికి?"

గ్లాసెత్తి నీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగేశాను. నిజం చెబితే అంతకన్నా పెద్ద అవమానం అవుతుందనిపించింది.

రెండో రోజు

ఉదయం మళ్ళీ తన మౌతార్గాను ఇవ్వబోయాడు. నేను మళ్ళీ "మీరే వాయించండి" అన్నాను. ఆయన గడ్డం గోక్కుని, బల్ల మీద తన ఎడమవైపు కూర్చున్న నన్ను కుడివైపుకు రమ్మన్నాడు.

"సరే. ఊపిరి నాది, వేలు నీది."

ఇంజను మీద కూడా ఒకడు బొగ్గేస్తే ఒకడు నడుపుతాడట, ఇదేం కొత్త కాదన్నాడు. రెండు చేతులా పట్టుకుని ఆయన ఊదుతుంటే, నేను పక్కన ఆనుకుని కూర్చుని, కుడి కొసన మీట మీద వేలు పెట్టాను. గుర్తు వచ్చే చోట ఆయన మోకాలితో నా మోకాలిని తట్టేవాడు. తట్టగానే నేను మీట కొట్టాలి. మొదట ప్రతిసారీ ఆలస్యమే. "రైలు పోయినాక జెండా ఊపుతాండావు," అనేవాడు. పొద్దెక్కేసరికి ఆయన మోకాలు కదలకముందే నా వేలు కదిలింది. పాటలో రెండు భాగాలున్నాయి, మొదటి భాగం నా వేలికి వచ్చేసింది. ఏ పుస్తకంలోనూ లేనిది నా వేలి చివరకు వచ్చింది. ఆ సంతోషం అనుభవించే తీరిక నాకు లేకపోయింది, ఎందుకంటే ఆయన ఊపిరి నా మణికట్టు మీద వెచ్చగా తగులుతోంది. దగ్గు వచ్చినప్పుడల్లా నా చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చేసేది.

మధ్యాహ్నానికి ఆయన మాటలు తగ్గాయి. తలనొప్పి అని లోపలికి పోయాడు. నేను పెరట్లో చేతులు కడుక్కుంటుంటే మరియమ్మ వచ్చి నిలబడింది.

"నాయనా, నీకొక మాట చెప్పాల. వచ్చే వారం మదరాసులో ఓడ డాక్టరు ఈయన ఎద చూస్తాడంట. లోపలి ఎముకలు కనపడేట్ల ఫోటో తీస్తారంట. ఏమన్నా ఉంటే ఓడ ఎక్కనీరు. ఈయనది బొగ్గు దగ్గు. ముప్పై ఏండ్ల నుంచి వింటాండా. ఆయన తాగిన గ్లాసులోనే తాగుతాండా. నాకేమన్నా అయిందా?"

"లేదమ్మా."

"ఆయనకూ ఆ ధైర్యమే ఉండె, నువ్వు వచ్చేదాకా. నువ్వు చెయ్యి లాక్కున్నప్పుడల్లా ఆయన మొగం చూస్తివా? నువ్వు శానా సదువుకున్నోనివి అని నమ్మినాడు. ఇందాక అద్దం ముందర నిలబడి ఎద తట్టుకోని చూసుకుంటాండాడు." ఆమె గొంతు తగ్గించింది. "నీకు పాట కావాల. తీసుకో, ఎవురు వద్దన్న్యారు? మా ఇంట్లో దయ్యాన్ని మాత్రం ఇడిచిపెట్టి పోవాకు."

మూడో రోజు

మధ్యాహ్నం నా రైలు. రెండో భాగం ఇంకా రాలేదు. పొద్దున్నే బల్ల మీద కూర్చున్నాం. ఎంత దగ్గు వచ్చినా వేలు తీయకూడదని తీర్మానించుకుని కూర్చున్నాను. రెండో భాగం సగంలో దగ్గు వచ్చింది. వేలు తీయలేదు గాని, ముఖం మాత్రం పూర్తిగా గేటు వైపు తిప్పేశాను. ఆయన ఊదడం ఆపేశాడు.

"నువ్వు డాక్టరువా?"

"కాదు."

"మరి నాకు ఏముండాదని అనుకుంటాండావు? పేరు చెప్పు."

పేరు చెప్పలేదు. మా అన్న సంగతి చెప్పాను. ఒకే గదిలో పడుకున్న సంగతి, ఉమ్మిన గిన్నెలు నేనే కడిగిన సంగతి, ఆ దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్న సంగతి, ఇంట్లో చిన్నపిల్ల ఉన్న సంగతి. మరియమ్మ నమలడం ఆపేసింది. దొర నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"నువ్వు ఎద చూపించుకున్న్యావా?"

"లేదు."

"నాలుగేండ్లుగా?"

"పోవాలంటే భయం."

"అట్లయితే," అన్నాడు నెమ్మదిగా, "నా పక్కన కూర్చోని భయపడాల్సింది నువ్వు కాదప్పా, నేను."

ఆ మాట నాకు ఒక్కసారి కూడా తోచలేదు. అన్ని పుస్తకాలు చదివి, లోకంలో అందరి నోళ్ళకూ దూరం కొలిచి, నా నోటిని లెక్కలో వేసుకోలేదు. మదరాసులో డాక్టరు ముందు నిలబడబోయే మనిషి పక్కన రెండు రోజులు భుజం ఆనించి కూర్చున్నాను.

ఆయన మౌతార్గానును మా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు. ఇవ్వలేదు, పెట్టాడు. "నా ఊపిరి ఇంతే ఈ పొద్దుకు. రెండో భాగం కావాలంటే నువ్వే ఊదాల."

సుశీల చెప్పిన మాట గుర్తుంది. పాప ముఖం గుర్తుంది. మరియమ్మ మాట కూడా గుర్తుంది. తీసుకున్నాను. రేకు ఇంకా వెచ్చగా ఉంది. తుడవబోయి, ఆయన చూస్తుంటే తుడవలేకపోయాను. నోట్లో పెట్టుకుని రెండో భాగం వాయించాను. బాగా వాయించానని చెప్పను. రెండుచోట్ల తప్పిపోయాను, ఒకచోట ఊపిరి చాలలేదు. కానీ గుర్తు ఉన్న చోటల్లా వేలు తనంతట తనే కుట్టింది. ఆయన మడమ నేల మీద తాళం వేసింది. మూటలు లెక్కపెట్టే చప్పుడు పోయింది.

అయిపోగానే తువ్వాలు తీసి దాన్ని తుడవబోయాను. ఈసారి నా కోసం కాదు. మరియమ్మ కూడా లేచి, "ఉండండి, నీళ్ళు తెస్తా," అన్నది.

"నీళ్ళెందుకు? దీనికి కూడా తలంటా?" అని ఆయన నా చేతిలోంచి అలాగే తీసుకుని, అలాగే పెదవులకు ఆనించుకున్నాడు. నా వైపు తలతో సైగ చేశాడు. నేను మీట మీద వేలు పెట్టాను. మొదటినుంచి ఎత్తుకున్నాడు. మధ్యలో దగ్గు వచ్చింది, దగ్గి మళ్ళీ అందుకున్నాడు. నా వేలు అక్కడే ఉంది.

కర్నూలు

ఇంటికి పోలేదు. ఇంకా ఆరని మౌతార్గానుతో సంచి భుజాన ఉండగానే పెద్దాసుపత్రికి పోయి వరసలో నిలబడ్డాను. ముందూ వెనకా దగ్గేవాళ్ళే. కాళ్ళు రెండుసార్లు గేటు వైపు తిరిగాయి. నా వంతు వచ్చింది. డాక్టరు గొట్టం వీపుకు ఆనించి, "పీల్చు, వదులు, మళ్ళీ పీల్చు," అన్నాడు. పీల్చాను, వదిలాను. కాసేపటికి ఆయన గొట్టం తీసి, "ఏమయ్యా, మామూలుగా పీల్చలేవా? ఏదో దరువు వేస్తున్నట్టు పీలుస్తున్నావేం?" అని కసిరాడు.

గొట్టంతో ఏమీ తెలియలేదట. సోమవారం ఫోటో తీస్తామన్నారు. ఇది ఆదివారం రాస్తున్నాను. కీలీ దొర మదరాసులో నిలబడేదీ ఈ వారమే. ఆయన ఓడ ఎక్కుతాడో లేదో నాకు తెలియదు, నా సంగతీ తెలియదు. భయం ఏమీ తగ్గలేదు. రేపు పొద్దున్నే పోతున్నాను.